అత్తగారి ఫోను, కోడలి ఇంటర్వ్యూ

ఆ ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే తప్పు కంప్యూటర్‌ది కాదు, దాని ముందు కూర్చున్న మనిషిది. ఈ శాసనం చేసిన పెద్దమనిషి కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి భార్య ల్యాప్‌టాప్‌ను సరిచేస్తాడు. అది సరిగ్గా ఉన్నా సరిచేస్తాడు. కన్నతల్లి ఆయనకు పెట్టిన ముద్దుపేరు సర్వజ్ఞుడు. ఆవిడ వెటకారంగానే పెట్టింది గానీ, ఆయన మాత్రం దాన్ని సగానికి పైగా నిజమనే పుచ్చుకున్నాడు.

భార్య ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసింది ఆయనే. ఆమె కాదనలేదు. అక్షరాలూ బొమ్మలూ పొందిగ్గా అమర్చి పుస్తకాలకు పేజీలు కట్టడం ఆమె పని. పనిచేసిన ముద్రణాలయం మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుని, ఆ లైనక్స్ మీదే కొత్త పద్ధతులన్నీ నేర్చుకుంది. ఒక్కటే ఇబ్బంది. ఏ చిన్న మార్పు చేయాలన్నా ఆ యంత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది, అది సర్వజ్ఞుడికి తప్ప మరొకరికి తెలియదు. "ఏవండీ, మళ్ళీ అడుగుతోంది" అని ఆమె కేకేయడం, ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ రావడం, వీపు అడ్డంపెట్టి టకటకా కొట్టి వెళ్ళడం ఆ ఇంట్లో మామూలే. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ ఇంట్లో ఆయన్ని పనిగట్టుకుని పిలిచేది ఆ ఒక్క పనికే. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

అలాంటి ఇంట్లో ఆమెకు ఇంటర్వ్యూ వచ్చింది. పాఠ్యపుస్తకాలు వేసే పెద్ద సంస్థ. వీడియోలో మాట్లాడుతూ, వాళ్ళు పంపిన పేజీని వాళ్ళ కళ్ళముందే కట్టి చూపించాలి. ఇన్నేళ్ళకు తలుపు తట్టిన ఉద్యోగం. ఇది పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారన్న బెంగతో ఆమెకు అన్నం సహించడం లేదు.

"ఇవాళ ఒక్కరోజు ఏ ప్రయోగమూ చెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను" అంది పొద్దున్నే.

"నేనేం చేస్తానే!" అన్నాడు సర్వజ్ఞుడు. ఆ మాట అంటుండగానే వీధిలో గొట్టాలు వేయడానికి గొయ్యి తవ్వుతున్నవాళ్ళు ఇంటర్నెట్ తీగను తెంపేశారు. ఇందులో మాత్రం ఆయన పాపం ఏమీ లేదు.

మిగతా పాపమంతా ఆయనదే. ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయదు. మొన్నటిదాకా పనిచేసేది, ఇంకా బాగా పనిచేసేలా చేస్తానని ఆయన చెయ్యి పెట్టాడు. అప్పటినుంచీ తీగ ఉంటేనే దానికి ఇంటర్నెట్. ఇప్పుడు ఏదో ఒక ఫోనును తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి మోడెమ్‌లా వాడుకోవాలి. ఆయన ఫోను చూద్దామా అంటే, దానికి కొత్త సిస్టమ్ ఎక్కించబోతే కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయి, రాయిలా పడి ఉంది. ఆమె ఫోనుకు ఛార్జింగ్ పెట్టే చోటు వదులైపోయింది. రబ్బరుబ్యాండ్ వేసి, ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప తీగ నిలవదు. ఇక ఇంట్లో మిగిలింది అత్తగారి ఫోను.

పెద్దావిడ ఆ ఫోనును కొంగుచాటు నుంచి తీయడానికే ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"దీన్ని దానికి కడితే నా ఫొటోలు అందులోకి పోవు కదా?"

"పోవమ్మా. నీ ఫోను ఉత్త గొట్టం లాంటిది. అందులోంచి నీళ్ళు దీనిలోకి వస్తాయి, అంతే" అన్నాడు కొడుకు.

"నీళ్ళు ఎవరివి?"

"నీవే."

"అదీ, అలా చెప్పు" అంది పెద్దావిడ. "నా రోజువారీ డేటా అంతా తాగేస్తారన్నమాట. సరే, కోడలి కోసం కాబట్టి ఇస్తున్నా. కానీ ఫోను నా చేతిలోనే ఉంటుంది. మీరెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

ఆ ఫోనుకు సిగ్నల్ అందేది వంటింటి కిటికీ దగ్గరే. అందుకని పొయ్యి పక్కన బల్ల వేసి, దానిమీద ల్యాప్‌టాప్ పెట్టారు. తీగ మూరెడే. పెద్దావిడ కెమెరాకు కనబడకుండా బల్ల పక్కనే పొట్టి స్టూలు వేసుకుని, ఫోనును చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకు చెప్పినచోట వేలు పెట్టి నొక్కింది. ల్యాప్‌టాప్ తెర మూలన చిన్న గుర్తు వెలిగింది.

"చూశావా!" అని భార్యవైపు తిరిగాడు సర్వజ్ఞుడు. "ఫోను అని కూడా తెలియదు దానికి. ఎప్పుడూ పెట్టే ఇంటర్నెట్ తీగే తగిలిందనుకుంటోంది. లైనక్స్ అంటే మరి మాటలా!"

"సంతోషం. ఇక మీరు హాల్లోకి వెళ్ళండి" అంది ఆమె. ఆయన గడప దాకా వెళ్ళి, అక్కడే గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు.

ఇంటర్వ్యూ మొదలైంది. తెరమీద కనిపించిన సంపాదకురాలు పెద్దవయసు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడే రకం. కుశలప్రశ్నలు రెండు అడిగి, సైన్సు పాఠం ఒకటి పంపించింది. అందులో గుండె బొమ్మ, దానికి అటూ ఇటూ పేర్లు, కింద పెద్ద పట్టిక, అన్నీ ఒకే పేజీలో ఇమడాలి. ఆమె తన తెరను సంపాదకురాలికి చూపిస్తూ పనిలో పడింది. మొదట్లో తడబడినా, కాసేపటికి పని దారిన పడింది. గడప దగ్గరినుంచి చూస్తున్న మొగుడికి ఛాతీ పొంగింది. ఆమె పని చేస్తుంటే అలా కూర్చుని చూడటం ఆయనకు అదే మొదటిసారి.

ఇంతలో పెద్దావిడ ఫోను మోగబోయింది. చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దరూ రోజూ ఆ వేళకు మాట్లాడుకోకపోతే పొద్దు గడవదు. ఫోను ఎత్తితే ఇంటర్నెట్ ఆగిపోతుందని కొడుకు ముందే హెచ్చరించాడు. పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుని, జీవితంలో మొదటిసారి చెల్లెలి ఫోను కట్ చేసేసింది. ఆ తర్వాత ఆవిడ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది.

మరి కాసేపటికి ఫోనులో సందేశం వచ్చింది. ఆవిడ కొడుకుకు వినబడేలా గుసగుసగా చదివింది.

"ఒరేయ్, నా డేటాలో సగం అయిపోయిందట."

"వీడియో కదమ్మా, ఆ మాత్రం అవుతుంది" అని సైగ చేశాడు కొడుకు. కానీ అప్పటికే ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను గుర్రుమంటోంది. సంపాదకురాలి ముఖం మాట మధ్యలో నోరు తెరిచి ఆగిపోయి, మళ్ళీ కదిలింది. ఆ ఆగడం చూడగానే ఆయనకు సంగతి అర్థమైపోయింది.

ఆ యంత్రానికి ఆయన తన చేత్తో రాసిపెట్టిన ఆజ్ఞ ఒకటుంది: తీగ తగిలిందంటే ఎవరినీ అడగక్కర్లేదు, వచ్చిన అప్‌డేట్‌లన్నీ దించేసుకో. ఆమెకు వదిలితే రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తుందని అలా పెట్టాడు. పాపం యంత్రం ఏం చేస్తుంది? తీగ తగిలింది. అందుకని ఆ పొద్దున్నే వచ్చిపడ్డ పెద్ద పెద్ద అప్‌డేట్‌లన్నిటినీ అత్తగారి ఫోనులోంచి ఆబగా లాగేసుకుంటోంది.

"ముప్పాతిక వంతు పోయిందిరా!" అంది పెద్దావిడ, ఈసారి గుసగుసలో ఏడుపు కూడా కలిపి.

తీగ లాగేస్తే ఇంటర్వ్యూ తెగిపోతుంది. లాగకపోయినా తెగిపోతుంది. ఆపాలంటే ఆమే ఒక ఆజ్ఞ కొట్టి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. సర్వజ్ఞుడు కాలుగాలిన పిల్లిలా హాల్లోకి పరిగెత్తి, దుకాణంలో పాతబడిందని ఇంటికి తెచ్చుకున్న కంటిపరీక్ష అట్టను తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది. లావు పెన్నుతో మొదటి వరుసలో 'అప్‌డేట్ ఆపు' అని కొండంత అక్షరాలు రాశాడు. తర్వాత ఆజ్ఞ. కంటిపరీక్ష అట్టలకు అలవాటుపడిన చెయ్యి కదా, కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు చిన్నవవుతూ పోయాయి. చివరి వరుస పాస్‌వర్డ్. అది మాత్రం అలవాటు కొద్దీ కాదు, కావాలనే అంత చిన్నగా రాశాడు.

నేలమీద పాక్కుంటూ వెళ్ళి, సగం బల్ల కింద దూరి, కెమెరాకు అందకుండా అట్టను బల్ల పక్కన ఎత్తిపట్టాడు. ఆమె ఓరకంట చూసింది. ముఖం పాలిపోయింది గానీ మనిషి తొణకలేదు. "ఒక్క నిమిషం అండీ" అని సంపాదకురాలికి చెప్పి, తెరమీద ఆజ్ఞలు కొట్టే నల్లకిటికీ తెరిచి, రెండో వరుస ఆజ్ఞను అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. యంత్రం పాస్‌వర్డ్ అడిగింది. ఆమె ముందుకు వంగి, కళ్ళు చికిలించి అట్ట అడుగుకు చూసింది. ఏమీ ఆనలేదు. ఆయన అట్టను ఇంకాస్త ముందుకు జరపబోయాడు.

జరపనక్కర్లేకపోయింది. పక్కన స్టూలుమీద పెద్దావిడ ఉంది. కిందటి నెలే కొడుకు స్వయంగా కళ్ళు పరీక్షించి, మంచి అద్దాలు చేయించి పెట్టాడు. కోడలు తంటాలు పడుతోందని చూసి, ఆవిడ ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని గట్టిగా చదివేసింది.

"ఆ... విడ... కి... చెప్ప... కూడదు. ఆవిడకి చెప్పకూడదు అని ఉందమ్మా!"

ఆమె అట్టను చూసింది. అట్ట పట్టుకున్న మొగుణ్ణి చూసింది. ఆయన చూపు నేలకు అతుక్కుపోయింది. తన యంత్రానికి తాళం వేసిన మనిషి, ఆ తాళం మీద ఏం రాసుకున్నాడో ఇన్నేళ్ళకు ఆమెకు తెలిసింది. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

"ఎవరికి చెప్పకూడదమ్మా?" అంది తెరలోంచి సంపాదకురాలు.

"నాకేనండీ. ఇది నా కంప్యూటర్ పాస్‌వర్డ్" అంది ఆమె, ఏం రాసుందో తెలిశాక ఆ చిన్న అక్షరాలను ఒక్కొక్కటే పోల్చుకుని కొడుతూ. తెరమీద ఒక్క అక్షరమూ పడటం లేదు. చెయ్యి ఆగింది. కిందనుంచి మొగుడు 'పడుతుంది, కనబడదంతే, కానివ్వు' అని రెండు చేతులతో మూగ అభినయం చేశాడు. ఆమె చివరిదాకా కొట్టి, ఎంటర్ నొక్కింది. ఫ్యాను శాంతించింది. సంపాదకురాలి ముఖం మళ్ళీ చక్కగా కదిలింది.

"ఏమైందక్కడ?"

"ఇంట్లో ఇంటర్నెట్ తీగ తెగిందండీ. మా అత్తయ్య ఫోనును మోడెమ్‌గా పెట్టుకున్నాను. యంత్రం దాన్ని మామూలు తీగ అనుకుని అప్‌డేట్‌లు దించేస్తోంది, ఆపేశాను. పేజీ అయిపోయింది, చూడండి."

గుండె బొమ్మ నడుమన, పేర్లు వాటి చోట, పట్టిక అడుగున, ఒక్క గీతా పక్కకు పోకుండా కుదురుగా ఉన్నాయి. సంపాదకురాలు ఆ పేజీని చాలాసేపు చూసింది.

"మీ కంప్యూటర్ సంగతి మీరే చూసుకుంటారా?"

బల్ల కింద సర్వజ్ఞుడు తల ఎత్తాడు. ఇంత జరిగాక కూడా, ఆ పూటకు తన పేరు వస్తుందేమోనని ఆయనకు ఆశ.

"ఇవాళ్టినుంచి చూసుకుంటానండీ" అంది ఆమె.

సంపాదకురాలు మొదటిసారి నవ్వింది. "అయితే సోమవారం నుంచి పనిలో చేరండి" అని సెలవు తీసుకుంది.

పెద్దావిడ కోడల్ని కావలించుకోవాలని లేచింది గానీ, తీగ అడ్డొచ్చి మళ్ళీ స్టూలుమీద కూలబడింది. సర్వజ్ఞుడు మోకాళ్ళు దులుపుకుంటూ బల్ల కిందనుంచి బయటికి వచ్చాడు. అభినందిద్దామనుకున్నాడు, క్షమాపణ చెబుదామనుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చింది సంజాయిషీ.

"అది... నువ్వు ఏదైనా నొక్కేస్తావేమోనని అప్పట్లో..."

"పాస్‌వర్డ్ మార్చడం ఎలాగో చెప్పండి" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

చెప్పాడు. మధ్యలో ఒక్కసారైనా ఇది తప్పు, ఇలా కాదు అనడానికి ఆయనకు అవకాశం దొరకలేదు. ఆయన చెప్పినట్టల్లా ఆమె కొట్టింది.

"ఇక అటు తిరగండి."

ఆయన పొయ్యి పక్క గోడవైపు తిరిగాడు. పెద్దావిడ కూడా మర్యాదకు ముఖం పక్కకు తిప్పుకోబోయింది.

"అత్తయ్యా, ఏ మీటలు నొక్కుతున్నానో మీరు చూడొచ్చు" అంది కోడలు.

వెనక కొత్త పాస్‌వర్డ్ కొడుతున్న మీటల చప్పుడు మొదలైంది. అది ఎంతకీ ఆగలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం వినిపించింది. సర్వజ్ఞుడు గోడమీది నూనె మరకను చూస్తూ, పిలిచేదాకా అలాగే నిలబడ్డాడు.