లేపిన చేతులు

ఫైటర్ కింద పడితే ముందు లేపాలి, ఆ తర్వాతే అడగాలి. సినిమా ఫైట్ మాస్టర్ ఓదెలు ఇరవై ఎనిమిదేళ్లుగా నమ్ముకున్న మాట ఇది. పడ్డవాడు నేల మీదే ఉంటే భయం పట్టుకుంటుందని, పట్టుకుంటే వాడిక జన్మలో దూకడని గురువు నూరిపోశాడు. అందుకే చంకల కింద చేతులేసి చటుక్కున నిలబెట్టడం, యూనిట్ అంతా చప్పట్లు కొట్టడం, వాడు నవ్వి చెయ్యి ఊపడం. ఎంతమందిని అలా లేపాడో ఆయనకే గుర్తు లేదు. "ఎవనికన్నా ఏమన్నా అయిందా?" అనేవాడు. కాలేదో, అయినా పని పోతుందని చెప్పలేదో ఎవరికెరుక, పాపం.

ఆ రోజు పొద్దున జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. మొదటి అంతస్తు బాల్కనీ నుంచి బాబీ వెనక్కి పడాలి. బాబీది భీమవరం వైపు, ముప్పై ఏళ్లుంటాయి, పనిమంతుడు. కృష్ణానగర్‌లో ఓదెలు ఉండే ఇంటి పై వాటాలోనే భార్య లాస్యతో కాపురం. కింద అట్టపెట్టెలు, వాటి మీద పరుపులు ఓదెలే దగ్గరుండి పేర్పించాడు. బాబీ అంతా సరిగ్గానే పడ్డాడు, జానెడు పక్కకి. వీపు పరుపు మీద, తల గచ్చు మీద.

ఓదెలు పరుగెత్తుకెళ్లాడు. బాబీకి తెలివి ఉంది.

"మెడ నొప్పేస్తోందన్నా. చేతులు తిమ్మిరిగా ఉన్నాయి," అన్నాడు. అంటూనే ఎడం మోకాలు మడిచి, మళ్ళీ చాపాడు. అది ఓదెలు తన కళ్లతో చూశాడు.

"ఎవరూ కదపకండి," అంటూ ఒకమ్మాయి అడ్డం వచ్చింది. అనఘ అని, హీరో గారి ఫిజియోథెరపిస్టు. "మెడ ఎముకకి దెబ్బ తగిలిందేమో. ఆయన్ని ఉన్నచోటే ఉంచి అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, అందరి ముందూ తనకు పాఠం చెప్తోంది. ఓదెలుకు ఒళ్లు మండింది.

"గిది మా పని మేడం. జర పక్కకు జరుగున్రి," అన్నాడు. చంకల కింద చేతులేసి, "లే రా బాబీ," అని నిలబెట్టేశాడు.

బాబీ నిలబడ్డాడు. చప్పట్లు కూడా మొదలయ్యాయి. అంతలో తల ముందుకు వాలింది, కాళ్లు జావగారిపోయాయి, మనిషి బరువంతా ఓదెలు చేతుల మీద పడింది.

అనఘ ఒక మాట అన్నా బాగుండేది. నలుగురి చేత తల, మెడ, వీపు ఒకే వరసలో ఉండేట్టు బాబీని మెల్లగా నేల మీదికి దింపించింది. తలకింద తువ్వాలు పెట్టబోతే వద్దంది, మంచినీళ్లు పట్టుకొచ్చినవాణ్ణి వెనక్కి పంపింది. ఓదెలును తల దగ్గర కూర్చోబెట్టి, ఆయన అరచేతులు రెండూ బాబీ చెవుల పక్కన ఆనించింది.

"లాగొద్దు, తిప్పొద్దు. అంబులెన్సు వాళ్లు చెప్పేదాకా వదలొద్దు," అని చెప్పి, తను ఊపిరి చూస్తూ కూర్చుంది.

ఓదెలు కదల్లేదు. మోకాళ్లు గచ్చుకి ఒరుసుకుపోయినా కదల్లేదు. ఆ పిల్ల మాట ఒక్కటి విని ఉంటే తనదేం పోయేది? ఇరవై నిమిషాలు ఇట్లా కూర్చోగలిగినవాడు, అప్పుడు ఒక్క నిమిషం ఆగలేకపోయాడు.

"అన్నా, నా కాళ్లు చాపే పెట్టారా?" అన్నాడు బాబీ కిందనుంచి.

"చాపినం రా."

"తెలియట్లేదన్నా."

అంబులెన్సు వాళ్లు వచ్చి మెడకి పట్టీ వేసి, పలక మీదికెక్కించి తీసుకెళ్లారు. వెనకాల కారులో ఓదెలు పక్కన కూర్చున్న ప్రొడక్షన్ మేనేజరు చలపతిరావు మెల్లగా చెవిలో వేశాడు: "పడగానే కాళ్లు పడిపోయాయని చెప్పు ఓదెలూ. లేపిన సంగతి ఎత్తకు. నీకూ మంచిది, మాకూ మంచిది."

ఆసుపత్రిలో లాస్య అప్పటికే వచ్చి ఉంది. వంటింట్లోంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, చేతికి పిండి. డాక్టరు బయటికొచ్చి అడిగాడు: "పడ్డాక కాళ్లు కదిపాడా? ఎవరు చూశారు? పడ్డప్పుడే పోయాయా, తర్వాత పోయాయా? ఆపరేషన్‌కి ఎంత తొందరపడాలో అది తెలిస్తే చెప్తాం."

చలపతిరావు గొంతు సవరించుకున్నాడు. ఓదెలు ఆయన వైపు చూడలేదు.

"కదిపిండు సార్. మోకాలు మడిచిండు. నేను లేపి నిలబెట్టిన. గప్పుడు పోయినయ్."

డాక్టరు గబగబా లోపలికి వెళ్లాడు. లాస్య ముఖం వెలిగింది, అదీ చూడాల్సి వచ్చింది ఓదెలుకు.

"నిలబడ్డారా అన్నయ్యా? అయితే మళ్ళీ నిలబడతారు కదా?"

ఆమె ఓదెలు ముఖంలోకి అలా చూస్తూనే ఉంది. మెల్లగా ఆ వెలుగు పోయింది.

"లేపేటప్పుడు ఎవరూ వద్దనలేదా?"

"అన్నది చెల్లె. ఒకామె అన్నది. నేనే ఇనలే."

లాస్య లేచి, అవతలి వరసలో కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.