టెలిఫోను పిల్ల

కళ్ళ డాక్టరు తన అత్తగారి కంట్లో శుక్లం తనే తీశాడు. ఇంకెవరికైనా అప్పగించమని భార్య చెప్పి చూసింది. "కన్ను పోతే మా అమ్మ ఎలాగో సర్దుకుంటుంది. అల్లుడు పోగొట్టాడని చెప్పుకోవడానికి మాత్రం ఆవిడకి ఒక్క నోరు చాలదు," అంది. ఆయన వినలేదు. ఆపరేషను చక్కగా జరిగింది. మర్నాడు పొద్దున్న ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, కట్టు విప్పాడు.

"ఎదురుగా ఏం కనిపిస్తోంది అత్తయ్యగారూ?"

"చుక్కలు కనిపిస్తున్నాయి బాబూ."

డాక్టరు కంగారుగా టార్చి కోసం జేబులు తడుముకుంటుంటే ఆవిడ వేలు చాపి చూపించింది. "అదిగో, ఆ బొమ్మ నిండా."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఎదురుగోడ మీద ఉన్నది ఆయన ప్రాణంగా చూసుకునే బొమ్మ. పాప్ ఆర్ట్ అంటే ఆయనకి పిచ్చి. కొత్తగా అచ్చు వేసినవి కాదు, ఆ రోజుల్లో ఆ చిత్రకారులే వేసినవి కావాలి. ఆ ఇంట్లో ఏ గోడ చూసినా సబ్బు పెట్టె, లిప్‌స్టిక్కు, ఐస్‌క్రీము, ఎవరి ముక్కు మీదో పడబోతున్న పిడికిలి. అన్నిట్లోకీ పెద్దది ఈ టెలిఫోను పిల్ల. నిమ్మపండు రంగు నేపథ్యం, చెవి దగ్గర రిసీవరు, వెనక్కి వాల్చిన తల, పగలబడి నవ్వే నీలం పెదవులు. మొహమంతా ఎర్ర చుక్కలు.

బొమ్మ వచ్చి ఏడాదైనా, శుక్లాల చలవవల్ల అత్తగారికి అదొక పసుపుపచ్చ మరకగానే తెలుసు. ఇప్పుడు తేటగా కనిపించింది. పై వరసలో ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు పళ్ళు. రిసీవరు చుట్టూ బిగించినా మాట వినకుండా పైకి లేచిన చిటికెనవేలు. రోజూ అద్దంలో తల దువ్విన పిల్లని ఎవరు మాత్రం మర్చిపోతారు?

ఆ మాట పైకి అనలేదు. "ఎవరు బాబూ ఈ పిల్ల?" అని మాత్రం అడిగింది.

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంట్లో ఆయన్ని బొమ్మల గురించి ఒక ప్రశ్న అడిగిన పాపాన ఎవరూ పోలేదు. భార్య డ్రైవింగు స్కూలు నడుపుతుంది. ఆవిడ లెక్కలో బొమ్మ అంటే రోడ్డు పక్కన ఉండి, కుడివైపు తిరగొద్దని చెప్పేది.

ఆ సాయంత్రం నుంచి పాఠాలు మొదలయ్యాయి. డాక్టరు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అత్తగారు టీ పెట్టుకుని, బొమ్మ ముందు బుద్ధిగా కూర్చునేది. ఆయన మొదట్నించీ చెప్పాడు. పెద్ద యుద్ధం అయిపోయాక, పంచదార కూడా కూపన్ల మీద ఇచ్చే ఒక మసక నగరంలో కొందరు కుర్ర చిత్రకారులకి సముద్రం అవతలి నుంచి వచ్చిన నిగనిగలాడే పత్రికలు దొరికాయట. వాటి నిండా కార్లు, ఫ్రిజ్‌లు, డబ్బా మాంసం, ఆడవాళ్ళ తెల్లటి పళ్ళు. కత్తెర తీసుకుని వాటిని కత్తిరించి అట్టల మీద అతికించారు. అలాంటి ఒక అట్ట మీద పిస్తోలు, దానిలోంచి పొగ, ఆ పొగలో పాప్ అన్న మాట. తర్వాత అవతలి ఒడ్డువాళ్ళు కూడా అందుకున్నారు. వాళ్ళలో కొందరు అంతకుముందు హోర్డింగులు రాసినవాళ్ళు, దుకాణాల అద్దాల్లో అలంకరణ చేసినవాళ్ళు.

"అంటే దుకాణాల ఉప్పు తిన్నవాళ్ళే దుకాణాల్ని వెక్కిరించారన్నమాట," అంది అత్తగారు.

"వెక్కిరించారో, ముద్దు పెట్టుకున్నారో ఇప్పటికీ తేలలేదండీ."

ఆ జవాబు ఆవిడకి నచ్చింది. అల్లుడు మరీ మొద్దు కాదనుకుంది. "మరి ఈ పిల్ల ఎందుకు నవ్వుతోంది?"

"అది నవ్వు కాదత్తయ్యగారూ. జాగ్రత్తగా చూడండి, లోపలంతా ఖాళీ. అమ్మకానికి పెట్టిన నవ్వు. ఆ ఫోనులో అటువైపు అసలు ఎవరూ లేరు."

"లేని మాట నిజమే."

"మీకెలా తెలుసు?"

"మీరే అన్నారుగా. మరి పళ్ళు వంకరగా ఉన్నాయేం?"

"అది చిత్రకారుడు కావాలని చేశాడు. అందాన్ని ఎగతాళి చెయ్యడం."

అత్తగారు కట్టుడు పళ్ళ మీద నాలుక ఒకసారి తిప్పుకుంది. "ఎగతాళే అయ్యుంటుంది," అంది.

గుట్టు కూతురి దగ్గర బయటపడింది. ఒక మధ్యాహ్నం ఆవిడ పెందలాడే ఇంటికొచ్చేసరికి, తల్లి బొమ్మ ముందు నిలబడి, టీవీ రిమోటు చెవికి ఆనించి, తల వెనక్కి వాల్చి, చిటికెనవేలు పైకెత్తి ఉంది. కూతురు బొమ్మని చూసింది, తల్లిని చూసింది, చేతిలో తాళాలు కింద పెట్టింది.

"అమ్మా, అది నువ్వు."

"అరవకే. మీ ఆయన వింటే పాఠాలు ఆపేస్తాడు."

అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు ఒక టెలిఫోను కంపెనీ పత్రికల్లో వేసిన ప్రకటనకి ఫొటో దిగింది. రిసీవరుకి తీగ కూడా లేదు. నవ్వమంటే నవ్వు రాలేదు. ఫొటోగ్రాఫరు విసుక్కున్నాడు. ఇంతలో లైట్లు పట్టుకునే కుర్రాడు వైరు తట్టుకుని, వెనకనున్న తెరంతా మీదికి లాక్కుని పడ్డాడు. ఆ గుడ్డ కిందనుంచే, "రాంగ్ నంబరండీ," అన్నాడు. అదీ ఆ నవ్వు.

"ఆ కుర్రాడు?"

"మీ నాన్న."

కూతురు కుర్చీలో కూలబడింది. "మీది పెద్దలు కుదిర్చిన సంబంధమని చెప్పావుగా?"

"పెద్దలు తర్వాత కుదిర్చారు. మేం ముందే కుదుర్చుకున్నాం."

తండ్రి పోయి రెండేళ్ళయింది. ఆయన మాట వచ్చి తల్లీకూతుళ్ళు నవ్వుకోవడం అదే మొదలు. ఆ ఊపులోనే ఇద్దరూ ఒక పన్నాగం పన్నారు.

ఆదివారం డాక్టరు తనలాంటి సేకరణ పిచ్చివాళ్ళని నలుగురిని టీకి పిలిచాడు. మ్యూజియంలో పనిచేసే ఒకావిడ కూడా వచ్చింది. డాక్టరు పొగలోని పాప్ మొదలుకుని ఖాళీ నవ్వు దాకా ఏకధాటిగా చెప్పాడు. మ్యూజియమావిడ తలూపి, "ఈ ప్రకటనల అమ్మాయిల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఈమె కూడా ఎవరో తెలీదు. ఈపాటికి పోయే ఉంటుంది," అంది.

"అయ్యో పాపం. ఎప్పుడు పోయిందట?" అంది అత్తగారు, బిస్కెట్ల పళ్ళెం అందిస్తూ.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ముందుగదిలో ఫోను మోగింది. అనుకున్నట్టే అత్తగారు బొమ్మ కిందనున్న కుర్చీలో కూర్చుని రిసీవరు ఎత్తింది. అక్కడికి తల వాల్చి వేలు లేపడం వరకే పథకం. కానీ వంటింట్లోంచి సెల్‌లో చేసిన కూతురు, తండ్రి గొంతు పెట్టి, "రాంగ్ నంబరండీ," అంది.

అత్తగారు నిజంగానే నవ్వింది. తల వెనక్కి పోయింది, చిటికెనవేలు తనంతట తనే లేచింది.

మ్యూజియమావిడ కప్పు గాల్లో ఆగింది. ఆవిడ చూపు గోడ మీదికి, అక్కణ్ణించి కుర్చీలోకి వచ్చింది. ఒక్కొక్కరే అటు తిరిగారు. రోజంతా జనం కళ్ళలోకి చూసే డాక్టరుకి మాత్రం అందరికన్నా ఆఖర్న కనిపించింది.

"అత్తయ్యగారూ, అది మీరా?"

"నేనెలా అవుతాను బాబూ, ఈపాటికి పోయాగా."

అతిథులు చీకటి పడేదాకా కదల్లేదు. అత్తగారి చేత కథంతా చెప్పించుకున్నారు. డాక్టరు మాత్రం మూతి ముడుచుకున్నాడు. రెండు రోజులు పాఠం లేదు. మూడోనాడు తనే టీ తెచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ నా చేత ఆ వాగుడు వాగించారు. సరదాగా ఉందా?"

"చాలా."

"పోనీ, ఖాళీ అన్న నా మాట తప్పని ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా."

ఆవిడ లేచి, బొమ్మలో పిల్ల భుజం పక్కన, పసుపు రంగు ఆగిపోయిన అంచు చూపించింది. "తప్పని ఎవరన్నారు? ఫొటోలో మీ మావయ్యగారు ఇక్కడ పడున్నారు. కత్తెర పట్టినాయన ఆయన్ని కత్తిరించి పారేశాడు. నవ్వించినవాడు లేని నవ్వు ఖాళీ నవ్వే. నేను రెండేళ్ళుగా నవ్వుతున్నది అదే."

డాక్టరు లేచి, ఆ అంచు దగ్గరికి వంగి చూశాడు. "ఆ ప్రకటన పడిన పత్రిక దొరికితే బాగుణ్ణు," అన్నాడు.

అప్పట్నించి ప్రతి ఆదివారం కూతురు కారు నడిపేది, అత్తా అల్లుడూ పాత పుస్తకాల దుకాణాల్లో దుమ్ము దులిపేవారు. బేరంలో అల్లుడు పసివాడు. పత్రిక కనబడగానే మొహం వెలిగిపోయేది, దుకాణదారు ధర పెంచేవాడు. అత్తగారు ఆయన్ని బయట నిలబెట్టి లోపలికి వెళ్ళడం నేర్చుకుంది. చాలా దుకాణాలు తిరిగాక, అట్ట ఊడిపోయిన ఒక పత్రికలో ఆ ప్రకటన దొరికింది. చుక్కల్లేవు, పెదవులు నీలం కావు. పేజీ మూలన కూలిన తెర అంచు, దాని కిందనుంచి బయటికొచ్చిన ఒక బూటు మడమ.

"ఆయనే," అంది అత్తగారు. "నడకలో కాలు ఈడ్చేవారు. మడమ ఒకపక్కకే అరిగేది."

ఆ పేజీ ఎక్కడ తగిలించాలన్న దాని మీద మళ్ళీ గొడవ. రెండూ పక్కపక్కనే ఉండాలని డాక్టరు. తన గదిలోనే ఉండాలని అత్తగారు. ఆవిడే గెలిచింది. ఇప్పుడు ఆయన ఎవరినైనా తీసుకొస్తే తలుపు కొట్టి అనుమతి అడగాలి. ఆవిడ వచ్చినవాళ్ళని మంచం మీద కూర్చోబెట్టి, యుద్ధం దగ్గర, పంచదార కూపన్ల దగ్గర మొదలుపెడుతుంది. మధ్యలో అల్లుడు తప్పు దిద్దబోతే, "మీ పాఠం అయిపోయింది, కూర్చోండి," అంటుంది.

మొన్న వచ్చిన ఒకాయన పేజీకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి, "ఈ మడమ దేనికి ప్రతీక?" అని అడిగాడు.

అత్తగారు అల్లుడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"మా మావయ్యగారండీ," అన్నాడు డాక్టరు.