సాంచెలు తిన్న చెవులు

“నా పెనిమిటి చెవులు తిన్నది నువ్వే సేటూ. నువ్వు, నీ సాంచెలు.”

సిరిసిల్లలో రాజమల్లు సేటు మరమగ్గాల కార్ఖానా ముందు నిలబడి నీల అన్న మాట ఇది. బట్టకు ఆర్డర్లు లేవని ఎండకాలం నుంచి సాంచెలు ఆపి గేటుకు తాళం వేసిపెట్టాడు సేటు. నీల పక్కన, ఆ సాంచెలు నడిపిన బాలయ్య తల వంచుకొని నిలబడ్డాడు. భార్య ఏమంటున్నదో అతనికి వినబడదు.

పని ఆగిన నాటి నుంచి బాలయ్య గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. పెడితే తిన్నాడు, లేకుంటే లేదు. మొన్న మానేరు వంతెన మీది నుంచి దూకబోతే పక్కింటి సామేలు రెక్క పట్టి గుంజుకొచ్చాడు. సర్కారు దవాఖానలో డాక్టర్ మేడం గోళీలు రాసి, “పొద్దుమాపు పాటలు వినిపించమ్మా, మనసు తేలికైతది” అంది. పాట వినమన్నామెకు అతని చెవులు పనిచేస్తున్నాయో లేదో చూసే తీరిక లేదు. నీలకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. కోరుట్లలో తమ పెళ్లినాడు భజనోళ్లతో తెల్లారేదాకా పాడి, పెళ్లికూతురినే మరిచిన మనిషి మరి.

ఇంటికి రాగానే పాట పెడతానని ఫోన్ చూపి భజన పెట్టింది. అతను కదల్లేదు.

“పాట పెడ్తనంటివి, పెట్టవేందే?” అన్నాడు కాసేపటికి.

“మోగుతనే ఉంది గదా.”

“ఏంది?”

సౌండ్ మొత్తం పెంచింది. “వదినె, మైకు కిరాయికి తెచ్చినవా?” అని గోడ అవతల నుంచి సామేలు కేకేశాడు. బాలయ్య ఆమె పెదవులకేసి చూస్తున్నాడు.

నీల కూలబడింది. సాంచెల నడుమ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పోగు తెగితే రెండు వేళ్లు చూపుతారు, చాయ్‌కి బొటనవేలు. అక్కడ చెవిటివాడెవడో ఎట్లా తెలుస్తుంది? ఇంట్లో ఏమన్నా తలూపుతుంటే మెత్తని మొగుడు దొరికాడని కోరుట్లలో అక్కల ముందు గొప్పలు పోయింది. సాంచెలు ఆగితే గానీ సంగతి బయటపడలేదు.

ఫోన్ అతని దవడకు ఆనించింది. బాలయ్య కళ్లు మూసుకొని, తొడ మీద వేలితో తాళం వేశాడు. దవడ ఎముకకు దరువు అందింది. చాలాసేపటికి వేలు ఆగింది.

“గింతేనా నీలా? పాటల మాటలు రావా ఇగ?”

ఆ మాట వినగానే అతని చెయ్యి పట్టుకొని ఆమె ఈ గేటు ముందుకొచ్చింది.

“సాంచె చప్పుడు కొత్తదా?” అన్నాడు సేటు, గేటు ముందు తన కారుకు ఆనుకొని పళ్లు కుట్టుకుంటూ. “మా నాయన గిట్లనే చెవిటోడై పోయిండు. దేవునికి చెప్పుకో.”

“మీ నాయనకు కార్ఖానా మిగిలింది. ఈనకు పాటొక్కటే మిగిలె. గదీ పోతే మళ్ల వంతెన మీదికే పోతడు. జగిత్యాలల చెవుల డాక్టరున్నడు. ఇయ్యాల్నే తీస్కపోయి చెవి మిషిన్ పెట్టియ్యి. రేపు గేటు తెరిస్తే, పనికొచ్చినోళ్లందరి చెవులకు చప్పుడు తగలకుండ అడ్డం బిళ్లలు ఇచ్చినాకనే సాంచె తిప్పు. నిలబడి సూసుడు గాదు సేటూ. కారు తియ్యి.”