గంజికి బియ్యం రాని అమావాస్య

చెన్నరాయప్పకు కోపం ముందు పుట్టింది, బుద్ధి తర్వాత పుట్టింది. బంగారు గనులు మూతపడి ఇన్నేళ్లయినా, లోపల రాళ్లు పగలగొట్టిన ఆ చేతులు మెత్తబడలేదు. ఆ చేతులతోనే గంజికేంద్రం నడుపుతున్నాడు. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన పాత కార్మికులకు పూటపూటా అక్కడే గంజి. వాళ్లలో ఆయన తమ్ముడు పాపన్న ఒకడు.

అమావాస్య వస్తే బజారు కొట్లవాళ్లు బియ్యం పంపేవారు. అందరికంటే పెద్ద మూట గుండప్పది. ఈసారి అది రాలేదు. "గుండప్పే ఇయ్యలేదు, మేమేమి ఇస్తామప్పా" అని మిగతావాళ్లూ చేయి వెనక్కి తీసుకున్నారు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, పొయ్యడానికి గింజ లేదు. గంజి పడకపోతే పాపన్న కడుపులో మందు నిలవదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన చెన్నరాయప్పకు అడగడమంటే గద్దించడమే.

"బతిమాలితే లోకువైపోతాము. దెబ్బకు దెయ్యమే దిగుతాది, వాడెంత" అంటూ ఇనుపకడ్డీ పట్టుకుని బయల్దేరాడు.

కొన్నాళ్లుగా మూసి ఉన్న కొట్టు ఆ రోజు సగం తెరిచి ఉంది. గుండప్ప తలకు తువ్వాలు చుట్టుకుని లోపల కూర్చున్నాడు.

"దాక్కుంటే యాడికి పోతావప్పా? మూట యాడ?"

"రేపు పంపిస్తాను చెన్నరాయప్పా. కొంచెం విను."

వినే చెవులు ఆయనకెక్కడివి? ఒక్క దెబ్బకు గాజుసీసాలు పగిలి పప్పూ మిరపకాయలూ నేలపాలయ్యాయి. ఇంకో దెబ్బకు తక్కెడ వంగిపోయింది. గుండప్ప అడ్డం వచ్చాడు. చెన్నరాయప్ప అతని చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. మూతి మీద గుద్దాడు. పన్ను విరిగి రక్తం ఇద్దరి చొక్కాల మీదా పడింది. మళ్లీ చెయ్యెత్తాడు. అప్పుడు తువ్వాలు జారింది.

నున్నటి గుండు. తాను గుద్దిన మూతికి మీసం లేదని కూడా అప్పుడే చూశాడు.

గుండప్ప భార్య విశాలమ్మ లోపలి నుంచి వచ్చింది. అరవలేదు.

"మా అత్త వేమగల్‌లో కూతురింట్లో పోయింది. మైల ఇంటి బియ్యం రోగాలోళ్లకు పెట్టకూడదని ఈయనే ఆపినాడు. ఈ పొద్దే మైల తీరింది. రేపు పంపుదామని, అదో, మూట కట్టే ఉండాది." ఆమె మొగుడి మూతికి కొంగు అదిమింది. "ఇన్నేండ్లు మోసుకపోయినారే, ఒక్క నెల రాకపోతే ఈ ఇంట్లో ఏమైందోనని ఒక్కరన్నా వచ్చి అడిగినారా?"

పక్క కొట్లవాళ్లు వచ్చి మీద పడ్డారు. కడుపులో తన్నారు, కడ్డీ లాక్కుని వీపు పగలగొట్టారు. చెన్నరాయప్ప చెయ్యెత్తలేదు.

"ఇడిసిపెట్టండప్పా" అన్నాడు గుండప్ప, రక్తం ఉమ్ముతూ. "మూట ఇచ్చి పంపండి. ఆడ రోగాలోళ్లు ఆకలితో ఉంటారు."

గంజికేంద్రంలో మూట దించగానే పాపన్న అన్న చొక్కా చూశాడు. "ఆ రక్తం ఎవరిది?"

చెన్నరాయప్ప జరిగిందంతా చెప్పాడు. పాపన్న గోడ పట్టుకుని లేచాడు. లేవడానికే రొప్పాడు. అన్న చెంప మీద ఒక్కటిచ్చాడు. ఊపిరి లేని మనిషి దెబ్బలో బలమేముంటుంది? అయినా బజారు తన్నులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చెన్నరాయప్పకు ఏడుపు ఆగలేదు.

"సచ్చిన ఇంటి మీదికి పోయి కొట్టొచ్చినావా? థూ. పొయ్యి ఆర్పు. ఆ ఇంటిని పలకరించొచ్చినాకే గంజి."

దగ్గుకుంటూ పాత కార్మికులు ఒక్కొక్కరే లేచారు. ఆకలి కడుపులతోనే, గోడలు పట్టుకుంటూ బజారు వైపు నడిచారు. చెన్నరాయప్ప అందరికంటే వెనక నడిచాడు.