ఆర్తరయ్య మట్టి

జడ్సన్ కారు ఆపి, "వచ్చేసినాం వదినా" అన్నాడు. నేను దిగలేదు. దారి తప్పి ఎక్కడికో తెచ్చాడనుకున్నాను. నన్ను తీసుకెళ్తానన్నది నా చెల్లెలు సుభాషిణిని పూడ్చిన చోటుకి. ఎదురుగా ఉన్నది మాత్రం ఒక చెక్క గేటు, దాని వెనక పచ్చటి అడవి. ఇద్దరు చిన్నపిల్లలు రబ్బరు బూట్లేసుకుని బురదలో ఎగురుతున్నారు. వాళ్ల నాన్న కాబోలు, చెట్టుకి ఆనుకుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"ఇదేంది, పార్కా?" అన్నాను.

"ఇదే వదినా. ఈడ పూడ్చినాక మీద చెట్టు నాటతారు. పెద్ద రాళ్లు, శిలువలు ఏమీ ఉండవు. చిన్న చెక్క మీద పేరు, అంతే. కొన్నాళ్లకి అదీ మట్టిలో కలిసిపోతాది."

వల్లకాడంటే నాకు తెలుసు. మా మైపాడులో సరుగుడు తోపు వెనక ఇసకలో ఉంటుంది. టీ తాగడానికి అక్కడికెవరూ పోరు. పిల్లలు అటు చూస్తేనే కసురుతాం. ఇక్కడేమో చచ్చిపోయిన వాళ్ల పక్కన నడుస్తూ ఒకరినొకరు నవ్వుతూ పలకరించుకుంటున్నారు. వీళ్లకి భయం లేదో, భక్తి లేదో నాకు అంతుపట్టలేదు.

నేను ధనలక్ష్మిని. మైపాడులో పడవలొచ్చే వేళకి పోయి చేపలు వేలంలో పాడుకుని నెల్లూరుకి తీసుకుపోయి అమ్ముతాను. నాకు నోరెక్కువని అందరూ అంటారు, నేనూ కాదనను. సుభాషిణి నాలాంటిది కాదు. గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడేది. నర్సు చదివింది, తనతో పనిచేసే జడ్సన్ని ఇష్టపడి చేసుకుంది, ఇద్దరికీ ఇంగ్లండులో ఉద్యోగాలొస్తే వెళ్లిపోయారు. పోయిన చలికాలం జబ్బు చేసింది, చూస్తుండగానే పోయింది. నా వీసా కాగితాలు వచ్చేసరికి మట్టి వెయ్యడం కూడా అయిపోయింది. ఈ అడవిలోనే పెట్టమని అదే అడిగిందట. కట్టుకున్నవాడి చర్చి ఉంది, పుట్టిన ఊరి సముద్రం ఉంది, రెండూ కాదని ఈ అడవేమిటో నాకు అర్థం కాలేదు.

మా అమ్మ మాలకొండమ్మకి అసలు మింగుడు పడలేదు. మా నాన్న రమణయ్య మా చిన్నప్పుడు సముద్రం మీద వేటకి పోయి తిరిగి రాలేదు. పడవ చెక్క దొరికింది, మనిషి దొరకలేదు. మాలో మనిషి పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల బతుకంతా చెప్పుకుంటూ శోకాలు పెడతారు. నాన్న కోసం అమ్మ అది చెయ్యలేదు. ఏం చూసి ఏడవమంటారు అంది. ఇప్పుడు కూతురూ అలాగే, చేతికేమీ ఇవ్వకుండా పోయింది. నేను బయల్దేరేటప్పుడు అమ్మ ఒక చిన్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టి, "దాని మీది మట్టి ఇంత తీసుకురామే. మన సముద్రంలో కలుపుదాం. అప్పుడన్నా ఏడస్తా" అంది. అంత ముసలామె, ఏడవడానికి గుప్పెడు మట్టి కోసం కాచుకుని కూర్చుంది. నేను విమానమెక్కింది అందుకు. ఇంగ్లండు చూడ్డానికి కాదు.

గేటు దాటాక ఒక బెంచీ ఉంది. జడ్సన్ దాని మీద కూలబడ్డాడు.

"నేను రాలేను వదినా. పోయిన ప్రతిసారీ రెండు రోజులు మనిషిని కాను. మీరు పోండి. ఈ దోవనే పోయి మలుపు దాటితే ఎడమచేతి పక్క చిన్న చెట్టు. పేరు ఉంటాది."

అతని ముఖం చూశాక, నాకు ఇంగ్లీషు చదవడం రాదు గదయ్యా అని గుర్తు చెయ్యబుద్ధి కాలేదు. వెళ్లాను.

నాకు అడవి తెలియదు. మా ఊళ్లో ఎటు తిరిగినా ఒక పక్కన సముద్రం ఉంటుంది. దాని హోరు వింటే చాలు, కళ్లు మూసుకుని తూర్పేదో చెప్తాను. ఇక్కడ చెవికి ఏమీ అందలేదు. ఆకుల సందున ఎక్కడో ఒక పిట్ట కూసి ఊరుకుంది. అంతే. చెట్ల కింద నేలంతా నీలం పూలు, కాలు పెట్టే చోటు లేకుండా. ఎక్కడ తొక్కితే ఎవరిని తొక్కినట్టో అని చీర ఎత్తి పట్టుకుని వేళ్ల మీద నడిచాను. మలుపు వచ్చింది. ఆ వెంటనే ఇంకో మలుపు వచ్చింది. జడ్సన్ చెప్పినది ఏ మలుపు? వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దోవ కూడా కొత్తగా కనిపించింది. చిన్న చెట్లు ఒకటా రెండా! అన్నిటి కిందా చెక్క ముక్కలు, అన్నిటి మీదా అర్థం కాని అక్షరాలు. నాకు ఒళ్లు మండింది. "యాడుండావే?" అని పైకే అరిచాను.

అప్పుడు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఒక చెట్టు మొదట్లో గవ్వలు కనిపించాయి. గవ్వలు, ఆల్చిప్పలు, ఒక చిన్న శంఖం, మొక్క చుట్టూ వరసగా పేర్చి ఉన్నాయి. సముద్రం ఎటుందో తెలియని ఈ అడవిలో గవ్వలు పెట్టించుకునేది ఎవరు? మా పిల్లే! దాని కూతురు ప్రత్యూష తెచ్చి పెట్టి ఉంటుంది. ఇంక నాకు పేరు చదవాల్సిన పనేముంది?

కూలబడి శోకం ఎత్తుకున్నాను. "ఓ నా చెల్లే, ఇసకలో ఆడినదానివి ఈ ఆకుల్లో పడుకున్నావే! నా ఒళ్లో జడేయించుకున్నదానివి నాకు చెప్పకుండా పోతివే!" అంటూ దాని చిన్నతనం నుంచి అంతా చెప్పాను. శోకానికి ఎదురు శోకం కావాలి. నేనొక మాటంటే ఇంకొకరు అందుకోవాలి. అక్కడ అందుకునేవాళ్లు లేరు. నా గొంతు చెట్లలోకి పోయి మళ్లీ రాలేదు. ఐనా ఆపలేదు.

కళ్లెత్తేసరికి ఒక తెల్లామె నిలబడి ఉంది. వయసులో నాకంటే పెద్దదే. చేతిలో కుక్క గొలుసు. ఆమె నన్ను చూసింది, చెక్క మీది పేరు చూసింది, మళ్లీ నన్ను చూసింది. ముఖంలో రంగు పోయింది. ఏదో అడిగింది. నేను దండం పెట్టి, చెట్టు వైపు చెయ్యి చూపి, గుండె మీద కొట్టుకున్నాను. అంతకంటే నాకేం వచ్చు? ఆమె కుక్కను లాక్కుని గబగబా వెళ్లిపోయింది. ఏడుపంటే వీళ్లకి ఇంత భయమా అనుకున్నాను. చెట్టు మొదట్లో మట్టి తీసి డబ్బాలో పోసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో జడ్సన్ని నిలదీశాను. "అది ఇదే ఎందుకు కోరుకునింది? మేమేం పాపం చేసినాం?"

అతను కారు పక్కకి తీసి ఆపాడు. "వదినా, మీ నాయన పోయిన కాడినుంచి దానికి సముద్రం హోరు వింటే నిద్ర పట్టేది కాదంట. తలగడ చెవులకి అదుముకుని పడుకునేదంట. డ్యూటీ లేని రోజు ఈడకొచ్చి కూచునేది. ఈడైతే చెవులు నిమ్మళంగా ఉంటాయి జడ్సన్ అనేది."

నేను దాని పక్కన పడుకుని పెరిగాను. తలగడ చూశాను. చలికనుకున్నాను. నేను తీసుకుపోతున్న మట్టి ఎక్కడ కలపడానికో తలుచుకుంటే డబ్బా ఒళ్లో బరువెక్కింది. అమ్మ ముఖం తలుచుకుంటే వదిలెయ్యడానికీ లేదు. ఏం చెయ్యాలో తెలియక అలాగే విమానమెక్కాను.

ఇంటికొచ్చాక ఆ మాట అమ్మకి చెప్పలేదు. అమ్మ డబ్బాని రెండు చేతులతో అందుకుని దేవుడి పటాల దగ్గర పెట్టింది. మూత తియ్యలేదు. ఆదివారం అమావాస్య వస్తోంది, ఆ రోజు కలుపుదాం అంది. అన్నాళ్లూ దాని పక్కనే పడుకుంది.

ఆ ఆదివారం ఎండ తగ్గాక ఇద్దరం సముద్రం దగ్గరికి పోయాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధించిన రోజులు. పడవలన్నీ ఇసక మీదికి లాగి ఉన్నాయి, వాటి నీడలో వలలు బాగుచేసుకునేవాళ్లు చేసుకుంటున్నారు. అమ్మ తలస్నానం చేసి, పసుపు, పూలు, కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని ముందు నడుస్తోంది. డబ్బా నా చేతిలో ఉంది. ఫోను మోగింది. ప్రత్యూష.

"పెద్దమ్మా, నువ్వు ఏ చెట్టు దగ్గర ఏడ్చావు?" అంది హలో కూడా అనకుండా.

"మీ అమ్మ చెట్టు కాడ. నువ్వు గవ్వలు పెట్టిన చెట్టు."

"నేను గవ్వలు పెట్టలేదు పెద్దమ్మా. అమ్మ చెట్టు దగ్గర గవ్వలు లేవు. మొదటి మలుపు దాటగానే ఉంది అమ్మ. ఇప్పుడు అక్కడే ఉన్నాను. ఇక్కడొకావిడ నన్ను ఆపి అడుగుతోంది, చీర కట్టుకున్న ఆమె ఎవరో తెలుసా అని. అది వాళ్లాయన చెట్టు. మనవళ్లు సెలవులకి బీచికి వెళ్లినప్పుడల్లా గవ్వలు తెచ్చి పెడతారట. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు, ఎప్పుడూ ఇండియాకి రాలేదు. మరి ఆమె అంతలా ఎందుకు ఏడ్చింది, మా ఆయన ఆమెకి ఎలా తెలుసు అని అప్పటినుంచీ ఆవిడకి నిద్ర లేదట. ఏం చెప్పను?"

నాకు నవ్వొచ్చింది. వెంటనే అది ఆగిపోయింది. ఎవరో దొర కోసం నా చెల్లెలి బతుకంతా చెప్పి ఏడ్చాను. ఒక పెద్దావిడ కాపరంలో అనుమానం పెట్టాను. ఎవరి మట్టినో మా ఇంట్లో దేవుడి పక్కన పెట్టాను.

"పొరపాటున వాళ్లాయన్ని మా పిల్ల అనుకున్నానని చెప్పు. ఆయన మంచోడేనని చెప్పు. పేరేంది ఆయనది?"

"ఆర్థర్."

ఫోను పెట్టేశాను. అమ్మ నీళ్ల దగ్గర నిలబడి నా కోసం చూస్తోంది. కొంగు బిగించుకుంది. ఏడవడానికి సిద్ధంగా ఉంది. చెప్పకపోతే ఏం పోయింది? మట్టి మీద పేరు రాసి ఉందా? నిన్నటి చేపని ఈ పూటదని ఒట్టేసి అమ్మినదాన్ని, నాకు అబద్ధం ఒక లెక్కా? డబ్బా చేతికిచ్చేస్తే అమ్మ తనివితీరా ఏడుస్తుంది. కానీ దగ్గరికి పోయి ఆ ముఖం చూస్తే నా నోటికి అబద్ధం రాలేదు. నిజమే వచ్చింది.

"మా, ఇది మన సుభాషిణి మట్టి కాదు. నేను చెట్టు తప్పినా."

ఎలాగూ నోరు తెరిచాను కదా అని తలగడ సంగతీ, హోరు సంగతీ, జడ్సన్ చెప్పిందంతా చెప్పేశాను. తిడుతుందని చూశాను. అమ్మ తడి ఇసకలో చతికిలబడింది. అల వచ్చి చీర తడిపింది, లేవలేదు.

"దానికి ఈ సముద్రమంటే భయమా?"

"అవును మా."

"దాన్ని తెచ్చి దీంట్లో పొయ్యమన్నానే. ఎంత పని చేయబోయినా!" అమ్మ డబ్బా వంక చూసింది. "మరి దాని చెట్టు కాడ ఎవురూ తవ్వలేదు గదా?"

"లేదు. నేను ఆ చెట్టు కాడికే పోలేదు."

"అట్టనే పడుకోనుందా?"

"అట్టనే ఉండాది మా. చప్పుడు లేదు ఆడ. ఒక పిట్ట కూసి ఊరుకునింది."

అమ్మ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "బతికించినావు" అంది.

మరి ఈ మట్టి ఏం చెయ్యాలి? తిరిగి పంపడం నా వల్ల కాదు. ఇసకలో పారబోద్దామని మూత తీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎవురిది?"

"ఎవురో ఆర్థరంట మా. పోస్టాఫీసాయన."

"పారబొయ్యబాక. మీ నాయన ఏ ఒడ్డున పడినాడో. ఆడ ఎవురో ఒకరు, పేరు కూడా తెలీకనే, ఆయన మీద ఇంత మట్టేసుంటారు. ఎయ్యకుండా ఉండుంటారా? ఈయనకి పేరన్నా ఉండాది గదా."

అమ్మ లేచింది. కొబ్బరికాయ కొట్టింది. పసుపు చల్లింది. డబ్బా తీసుకుని మోకాళ్ల లోతుకి పోయి మట్టిని అల మీద వదిలింది. నల్లటి మట్టి, క్షణంలో నీళ్లలో కనిపించకుండా పోయింది. "ఓ ఆర్తరయ్యా" అని సన్నగా ఎత్తుకుంది. "నీ ఆలిని ఒక్కదాన్ని చేసి పోతివా ఆర్తరయ్యా, నీ బిడ్డల్ని చూడకుండా పోతివా" అంది. తర్వాత ఏ మాట దగ్గర మారిందో నేను గమనించలేదు. అమ్మ నాన్న పడవ గురించి చెప్తోంది. ఆ పొద్దు వండి పెట్టిన అన్నం గురించి చెప్తోంది. రమణయ్యా, రమణయ్యా అంటోంది. అమ్మ నోట నాన్న పేరు వినడం నాకు అదే మొదటిసారి. నేను నీళ్లలోకి పోయి అమ్మ మెడ పట్టుకుని, ఆమె ఆపిన చోట అందుకున్నాను.