సర్టిఫికెట్ మీద పేరు

గ్రైండర్‌లో మినప్పప్పు వేసి స్విచ్ నొక్కితే నలభై నిమిషాలు నావి. ఏడు నెలలు ఆ నలభై నిమిషాల్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని కోడింగ్ నేర్చుకున్నాను. పక్కింటి మాలిని చూపించిన సైటు అది, ఎవరైనా ఉచితంగా నేర్చుకోవచ్చు. ఎడమవైపు పాఠం ఉంటుంది, కుడివైపు మనం రాస్తాం. తప్పు రాస్తే ఎక్కడ తప్పో చెప్పి మళ్ళీ రాయమంటుంది, ఎన్నిసార్లు రాసినా విసుక్కోదు. ఈ ఇంట్లో నాకు అంత ఓపికగా ఎవరూ ఏదీ చెప్పలేదు. "పిండి గట్టిపడిపోయినాది, నీళ్ళు పొయ్యకుండా ఆ పెట్టెలో ఏం చూస్తా ఉండావే?" అని అత్తగారు వెనకనుంచి అంటూనే ఉండేవారు.

మొదటిరోజు సైటు నా పేరు అడిగితే మా ఆయన పేరు కొట్టాను. మాలో ఆడవాళ్ళం మొగుడి పేరు నోటితో అనం. గ్యాసుకీ, రేషన్‌కీ, పిల్ల బడికీ మాత్రం ఆ పేరే రాసి రాసి చెయ్యి అలవాటు పడిపోయింది. మెయిలూ, ఫోన్ నంబరూ కూడా ఆయనవే.

నిన్న ఆఖరి ప్రాజెక్టు పూర్తిచేశాను. పెళ్ళయ్యాక చదువు మూలపడిన ఆడవాళ్ళకు మా ఊళ్ళోనే పీలమేడులో ఒక ఆఫీసువాళ్ళు పని ఇస్తున్నారని, సోమవారం సర్టిఫికెట్‌తో రమ్మన్నారని మాలిని చెప్పింది. ఇవాళ ఇద్దరం కూర్చుని సర్టిఫికెట్ తెరిచాం.

"ఇది అన్న పేరు కదక్కా?" అంది మాలిని మెల్లగా.

చెన్నకేశవన్. సుగంధి అనే నా పేరు ఎక్కడా లేదు. మార్చుకోవచ్చట, కాకపోతే ఆయన ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. సాయంత్రం ఆయన మిల్లు నుంచి రాగానే అడిగాను.

"మార్చొద్దు. మెయిల్లో చూసి మేనేజర్‌కు పంపించేసినాను. నన్ను కంప్యూటర్ సెక్షన్‌లో వేస్తామంటా ఉండారు."

"అది నేను నేర్చుకున్నదండి. సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉండాది."

"నీదేంది, నాదేంది? నా జీతం పెరిగితే నీకు కాదా? నువ్వు సుమ్మా ఇంట్లో ఉండేదానివే కదా."

సుమ్మా. ఇక్కడి తమిళంలో ఊరికే అని. పదిహేడేళ్ళుగా నా చాకిరీకి ఆయన పెట్టిన పేరు అదే. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

కాసేపటికి ఆయన నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు. "రేపు పొద్దున మేనేజర్ ముందర ఒక వెబ్ పేజీ చేసి చూపించాలంట. కొంజం నేర్పిస్తావా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్నొకటి నేర్పమని అడగడం ఇదే మొదటిసారి. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. దానికే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ముఖం తుడుచుకుని, మొదటి పాఠం తెరిచి లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను.

"నాకు ఏడు నెలలు పట్టిందండి," అన్నాను. "మీకు తెల్లారేదాకా టైముండాది."