దవడ ఎదుగుదల ఆగేదాకా

పదిహేనేళ్లు వచ్చేసరికి మా అమ్మాయి దేదీప్య కింది దవడ పైపళ్లని దాటి ముందుకొచ్చేసింది. అమెరికాలో మేముండే బాతెల్‌లో ఏ తెలుగువాళ్లింటికి వెళ్లినా, "దానికి ఏదైనా చేయించకూడదా అనురాధా?" అని ఎవరో ఒకరు నా చెవిలో అనేవాళ్లు.

అది 2010. సెప్టెంబర్‌లో దాని కూచిపూడి రంగప్రవేశం. ఆలోపే సర్జరీ అయిపోవాలని నా పట్టుదల. పళ్లవరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్ ఏడాది తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలు మా ముందు పెట్టాడు.

"ఈ ఏడాదిలో దవడ మూడు మిల్లీమీటర్లు పెరిగింది. ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు కోసి వెనక్కి జరిపినా మళ్లీ ముందుకొస్తుంది. ఎదుగుదల ఆగనివ్వండి."

నేను వినలేదు. వెంటనే చేస్తానన్న ఇంకో సర్జన్‌ని వెతికి పట్టుకుని, జూన్‌లో డేట్ బుక్ చేశాను. ఆయన అంతా వివరించి, "నీకు ఇష్టమేనా?" అని దేదీప్యని అడిగాడు.

"లేదు. నా దవడ ఇంకా పెరుగుతోంది. ఆగాక చూద్దాం," అంది.

"నువ్వు వద్దంటే నేను చేయను," అని ఆయన ఫైల్ మూసేశాడు. కార్‌లో కూర్చోగానే నాకు ఏడుపొచ్చింది. "స్టేజ్ మీద అందరూ నీ దవడనే చూస్తారే!"

"చూడనీ అమ్మా. నాకేం?"

"ఫోటోలు జీవితాంతం ఉంటాయి."

"ఉండనీ. రెండుసార్లు కోయించుకోవడం నాకు వద్దు. ఐ యామ్ నాట్ డూయింగ్ ఇట్."

రంగప్రవేశం రోజున మేకప్ చేసే అమ్మాయి దవడ చిన్నదిగా కనబడాలని కిందంతా ముదురు రంగు పూసింది. దేదీప్య తడి టిష్యూ తీసుకుని మొత్తం తుడిచేసుకుని స్టేజెక్కింది. గంటన్నర ఆడింది. కనీసం అలసిపోయినట్టు కూడా కనబడలేదు. నేను మాత్రం మొదటి పది నిమిషాలూ దవడనే చూశాను. తర్వాత నా కూతుర్ని చూశాను.

ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించాం. పదహారో ఏట ఇంకో రెండు మిల్లీమీటర్లు పెరిగింది. ఆ జూన్‌లో నా మాటే నెగ్గి ఉంటే రెండోసారి కోయించాల్సి వచ్చేది. పద్దెనిమిది దగ్గరపడ్డాక తీసిన ఎక్స్‌రే అంతకు ముందుదానితో అచ్చంగా సరిపోయింది. "ఇక మొదలుపెట్టొచ్చు," అన్నాడు ఆర్థోడాంటిస్ట్.

ఈసారి నిర్ణయం దానికే వదిలేశాను. దేదీప్యే చెప్పింది: "చేయించుకుంటాను. సాండ్‌విచ్ ముందుపళ్లతో కొరకలేకపోతున్నాను. అందుకే. అందం కోసమని ఎవరికీ చెప్పకు."

ఏడాది పైగా బ్రేసెస్ పెట్టుకుంది. 2014 వేసవిలో, సర్జరీ రోజున, హాస్పిటల్‌లో నర్స్ అంగీకార ఫారం అందించగానే అలవాటుగా నేను పెన్ను తీశాను. దేదీప్య ఆ ఫారం తన వైపు లాక్కుంది.

"ఇది నేను పెట్టాల్సిన సంతకం అమ్మా."

నిదానంగా, పూర్తి పేరు రాసింది. తర్వాత నర్స్ వెంట లోపలికి నడుచుకుంటూ వెళ్లిపోయింది. నన్ను రమ్మనలేదు. రెండేళ్లవుతోంది, సరిచేసిన దవడ ఇప్పటికీ పెట్టినచోటే ఉంది.